పన్నెండు రోజుల కాగితం

వనపర్తి,
ఫాల్గుణ మాసం, మంగళవారం.

చిరంజీవి సౌభాగ్యవతి యమునకు, మీ అత్తమ్మ నాగేంద్రమ్మ దీవించి రాస్తున్నది.

ఇక్కడ మేమంతా క్షేమం అని రాయడం చిన్నప్పటి నుంచి చేతికి అలవాటు. ఈసారి ఆ మాట రాయబోయి ఆగాను. పాప ఒంట్లో జ్వరం లేదు. నిరంజన్ రోజూ ఆత్మకూరు ఆఫీసుకు వెళ్లివస్తున్నాడు. ఊర్లో మీ మామయ్య ఆరోగ్యం బాగుంది. అంతవరకు నిజం. నా క్షేమం సంగతి ఈ ఉత్తరం చివరికి వచ్చేసరికి నువ్వే తేల్చు.

నీ ఉత్తరం గురువారం అందింది. పోస్టుమేన్ గేటు దగ్గర నిలబడి, "ఇప్పటి కాలంల గూడ ఉత్తరాలు రాసుకునేటోళ్లున్నరా అమ్మా? నేను కరెంటు నోటీసనుకుంటి," అని నవ్వాడు. మా కోడలు ఎస్సై ట్రైనింగులో ఉన్నది, వాళ్లకు ఆదివారం పది నిమిషాలే ఫోన్ ఇస్తారు అని చెప్పాను. "అట్లనా, అయితె కవరు జర పైలంగ పట్టుకో," అని చేతికిచ్చి పోయాడు.

ఆ పది నిమిషాల్లో పాప నీ గొంతు వినగానే ఫోన్ గుంజుకుంటుంది. పక్కన నిరంజన్ ఉంటాడు. నేను చెప్పవలసింది ఆ పది నిమిషాల్లో పట్టేది కాదు. అందుకే పాప పడుకున్న మధ్యాహ్నాలు చూసుకుని మూడు రోజులుగా ఇది రాస్తున్నాను. అక్షరాలు ఒక్కోచోట ఒక్కోలాగ ఉంటే ఏమీ అనుకోకు.

నువ్వు అడిగినవాటికి ముందు జవాబులు రాస్తాను.

పాప బిళ్లలు తప్పకుండా వేసుకుంటున్నది. పొద్దున లేవగానే చెంచాడు నీళ్లలో కరిగించి పడతాను. మొదట్లో ఉమ్మేసేది. ఇప్పుడు చెంచా కనబడితే తనే నోరు తెరుస్తున్నది. రెండున్నరేళ్ల పిల్ల టీబీ మందుకు అలవాటు పడిందని సంతోషపడాలో బాధపడాలో తెలియడం లేదు. మెడ పక్కన రేగుపండంత ఉన్న గడ్డ ఇప్పుడు వేలితో తడిమితే తప్ప తెలియదు. పోయిన వారం తూకం వేస్తే పదిన్నర కిలోలు ఉంది. ఇంకా నాలుగు నెలలు ఒక్క రోజు కూడా మానకూడదని డాక్టరు మళ్లీ చెప్పాడు. నిరంజన్ క్యాలెండరు మీద రోజుకొక గీత పెడుతున్నాడు. నాకూ అతనికీ రెండోసారి చేసిన పరీక్షలో కూడా ఏమీ లేదని వచ్చింది. నా మోకాలి నొప్పి అట్లాగే ఉంది, దాని గురించి బెంగపడకు.

పాపను ఎత్తుకున్న సారమ్మ మళ్లీ ఇంటి వైపు వచ్చిందా, తాళంచెవి వెనక్కి తీసుకున్నారా అని అడిగావు. రాలేదు. తాళంచెవి వెళ్లిన రోజే వాకిట్లో స్టూలు మీద పెట్టి పోయింది. అన్నం డబ్బా మాత్రం మరిచిపోయింది. దాన్ని కడిగి అటక మీద పెట్టాను.

కొత్త ఆయా దొరికిందా అన్నావు. దొరికింది. పేరు యాదమ్మ. నిన్ననే చేరింది. ఆమె సంగతి చివర రాస్తాను, ఎందుకంటే అది చివరనే రాయాలి.

ఇక ప్రభుదాసు గారి మాట. సారమ్మ వెళ్లే మందిరం పాస్టరు ఆయన. రెండు వారాల కింద మన ఇంటికి వచ్చి, గద్వాలలో వాళ్లవాళ్లు నడిపే పిల్లల హాస్టల్‌లో చిన్నపిల్లలను చూసుకునే పని ఒకటి ఉందని, ఇక ఆమె వల్ల ఎవరికీ అంటదని డాక్టరు రాసిచ్చాడని, ముందు పనిచేసిన ఇంటివాళ్లు ఒక మంచిమాట రాసిస్తే సారమ్మను తీసుకుంటారని చెప్పాడు. ఉగాది దాకా ఆ చోటు ఆపి ఉంచుతారట. ఆ మాట నీ నుంచే రావాలి, ఎస్సై కాబోయే మనిషి మాటకు విలువ ఉంటుంది అన్నాడు. ఆ ఆదివారం ఫోన్లో నీకు ఈ సంగతి చెప్పింది నిరంజనే. దానికి నువ్వు ఉత్తరంలో రాసిన వాక్యాలు నాకు కంఠతా వచ్చాయి.

"ప్రభుదాసు గారు మళ్లీ వస్తే ఆ కాగితం చూపించు అత్తమ్మా. జబ్బు చేస్తే ఏడాదికి పన్నెండు రోజులు జీతంతోనే ఇంట్లో ఉండొచ్చని నా చేత్తో రాసి పెట్టి వచ్చాను. అంత ఇచ్చినా దగ్గు దాచిపెట్టి నా బిడ్డను ఒళ్లో పడుకోబెట్టుకుంది. అలాంటి మనిషి పిల్లల దగ్గర పనికి రాదు. నేను మంచిమాట రాయను."

తల్లివి. నీ కోపంలో తప్పు లేదు. కానీ బిడ్డా, ఆ కోపం చేరవలసిన చోటికి చేరలేదు.

నువ్వు ట్రైనింగుకు బయలుదేరిన ఆషాఢమాసం ఉదయం గుర్తు చేసుకో. ఆటో వాకిట్లో ఉంది. నువ్వు వంటింట్లో నిలబడి పాప పుస్తకంలోంచి గీతల కాగితం ఒకటి చింపి గబగబా రాశావు. "సారమ్మ రేపు పనిలో చేరుతుంది. వచ్చీ రాగానే ఇది చదివి వినిపించు అత్తమ్మా. ఫ్రిజ్ మీద అతికిస్తున్నాను, ఆమె కూడా చదువుకుంటుంది," అన్నావు. పాప టీకాల కార్డు పక్కన అతికించి, పాపకు ముద్దు పెట్టి, ఏడుపు కనబడకుండా ఆటో ఎక్కావు.

ఆ మధ్యాహ్నం పక్కింటి ధనలక్ష్మి తోడు పెరుగు కోసం వచ్చింది. ఫ్రిజ్ ముందు నిలబడి కాగితం మొత్తం చదివింది.

"ఏందక్కా గిది? పాపను ఎత్తుకునే మనిషికి సర్కారు నౌకరా? రోగమొస్తె గూడ జీతమిస్తరా?"

"యమున రాసింది," అన్నాను.

"రాస్తది, ఆమెదేంబోయె. రేపటి సంది నీ ఆయాకు సోమారం తలనొప్పి, మంగళారం నడుమునొప్పి. మా ఇంట్ల పనామెకు ఈ ముచ్చట తెలిస్తె నా కొంప గూడ మునుగుతది. తీసెయ్యక్కా, నీకు దండం పెడ్త."

నవ్వుతూనే అన్నది. నేనూ నవ్వాను. ఆమె వెళ్లాక కాగితం తీశాను. పారేయలేదు. మన ఇంట్లో పట్టాపాసుబుక్కు వచ్చినా, పెళ్లిపత్రిక వచ్చినా, నీ ఉద్యోగం ఉత్తర్వు వచ్చినా ముందు స్వామి పటం దగ్గర పెట్టడం నా పద్ధతి కదా. దీన్నీ అట్లాగే కురుమూర్తి స్వామి పటం ముందు, కుంకుమ బరిణె కింద పెట్టాను. రేపు సారమ్మకు చదవాలి అనుకున్నాను. అనుకున్నది నిజం, యమునా.

మర్నాడు ఆమె వచ్చింది. వంటిల్లు, పాప బట్టల బీరువా, గిన్నెలు అన్నీ చూపించాను. పూజగది ముందుకు వచ్చేసరికి తనే ఆగిపోయింది. "అది మీరే చూసుకోండ్రి అమ్మా," అన్నది. నేను రమ్మనలేదు. ఏడు నెలలు ఆమె ఇల్లంతా తిరిగింది, ఆ గడప ఒక్కటి దాటలేదు. ఏడో తరగతి దాకా చదివిన మనిషి, రోజూ బైబిలు చదువుకునే మనిషి. ఆమె పేరు మీద రాసిన కాగితం ఆమె ఎన్నడూ అడుగుపెట్టని గదిలో ఉంది. దాని ముందు నేను రోజూ దీపం పెట్టాను.

సారమ్మ పాపను ఎట్లా చూసుకున్నదో నీకు రాయలేదు కదా, రాయాలి. పాప మన్వితకు అన్నం తినిపించడానికి నాకు గంట పట్టేది. సారమ్మ మెట్ల మీద కూర్చోబెట్టి, పోయే ఆటోలను లెక్కబెట్టిస్తూ, ఒక్కో ఆటోకు ఒక్కో ముద్ద పెట్టేది. ఎర్ర ఆటో వస్తే పెద్ద ముద్ద. పాప ఇప్పటికీ ఎర్ర ఆటో చూస్తే నోరు తెరుస్తుంది.

దసరాకు ఆమెకు దగ్గు మొదలైంది. దీపావళి వెళ్లాక, కార్తీకంలో ఒక శనివారం నా దగ్గరికి వచ్చింది. నీ ట్రైనింగు ఏ ఆపదా లేకుండా పూర్తి కావాలని నేను పదకొండు శనివారాలు ఒక్కపొద్దు మొక్కుకున్నానని నీకు తెలుసు. ఆ రోజు అందులో ఐదోది. తలంటుకుని తడి జుట్టుతో పూలు కడుతున్నాను. సారమ్మ పాపను చంకన వేసుకుని, మొహం పక్కకు తిప్పి దగ్గి, వాకిలి దగ్గరే నిలబడింది.

"అమ్మా, ఒక్క మాట."

"చెప్పు సారమ్మా."

"దగ్గు నెల దాటింది. రాత్రుల్ల చెమటలు వడుతున్నయ్. సర్కారు దవాఖానల తెమడ పరీక్ష చేస్తరంట. ఇచ్చుడొక దినం, కాగితం తెచ్చుకునుడొక దినం. రెండు దినాలు పోయొస్త."

నేను పువ్వుల మీంచి తల ఎత్తకుండా మెల్లగా అన్నాను. ఆ మాటలు ఉన్నవున్నట్టు రాస్తున్నాను, ఒక్కటి కూడా మార్చను.

"పో తల్లీ, ఎవరొద్దన్నరు. ఆ రెండు నాగాలు ఆదివారాలు వచ్చి తీర్చుకుందువు."

మీ నాన్న ఉద్యోగస్తుడు, మీ ఇంట్లో జీతగాళ్లు లేరు కనుక నాగా అంటే నీకు తెలియకపోవచ్చు. పనికి రాని రోజు అది. తెలకపల్లిలో మా నాయన దగ్గర ఇద్దరు జీతగాళ్లు ఉండేవాళ్లు. వాళ్లు జ్వరంతో పడుకున్నా, ఇంట్లో ఎవరన్నా చచ్చిపోయినా, మా నాయన కొట్టం గోడ మీద సున్నంతో ఒక బొట్టు పెట్టేవాడు. ఉగాదికి ఏడాది జీతం ముగిశాక, ఎన్ని బొట్లుంటే అన్ని రోజులు వాళ్లు ఊరికే పనిచేసి పోవాలి. మా నాయన వాళ్లను తిట్టేవాడు కాదు. నాగాలు తీర్చే రోజుల్లో మా అమ్మ వాళ్లకు జొన్నరొట్టె మీద నెయ్యి కూడా వేసేది. నా కళ్లకు అది న్యాయంగానే కనబడేది. యాభై ఏళ్లు వచ్చేదాకా అందులో తప్పేముందని నాకు తోచనే లేదు.

సారమ్మ పాపను ఇంకో చంకకు మార్చుకుని, "ఆదివారం మందిరం ఉంటదమ్మా," అన్నది.

"నీ ఇష్టం సారమ్మా. జీతం కోయాలంటె నాకు మనసొప్పది. అందుకే అంటున్న."

"ఎందుకమ్మా ఇదంత. మిరియాల కషాయం తాగుత. తగ్గుతది లే."

నేను లేచి గుప్పెడు మిరియాలు, తులసాకులు పొట్లం కట్టి ఇచ్చాను. పుణ్యం చేశాననే అనుకున్నాను. ఆమె నా ఎదుట నిలబడి ఆ రెండు రోజులు అడిగినప్పుడు, నీ కాగితం నా వెనుక నాలుగడుగుల దూరంలో ఉంది. నాకు అది గుర్తుకు రాలేదని రాస్తే నువ్వు నమ్ముతావేమో. గుర్తుకు వచ్చింది. ఆ శనివారం పూజ అయ్యేదాకా పాపను ఎత్తుకోవడానికి ఒక మనిషి కావాలి అన్నది కూడా గుర్తుకు వచ్చింది. కురుమూర్తి జాతర ముగిసేలోపు ఇంకో రెండు శనివారాలున్నాయి. జాతర అయినాక కాగితం చదివి చెబుదాంలే అనుకున్నాను.

తర్వాత ఒక బుధవారం ఆమెకు బాగా జ్వరం వచ్చి రాలేదు. నేనేమీ అడగలేదు. ఆ ఆదివారం పొద్దున తనే వచ్చింది, తెల్లచీర కట్టుకుని, బైబిలు సంచిలోనే పెట్టుకుని. "నాగా ఉంచుకోవద్దమ్మా, తీరుస్త," అన్నది. నేను వద్దనలేదు. ఉప్మా చేసి పెట్టాను. నా శనివారాలు ఒక్కటి తప్పకుండా చూసుకున్నదాన్ని, ఆమె ఆదివారాన్ని ఉప్మా పెట్టి తీసుకున్నాను.

ఆ తర్వాత నుంచి ఆమె పాపకు తినిపించేటప్పుడు కొంగు మూతికి అడ్డంగా కట్టుకునేది. నేను చూశాను. శుభ్రం పాటిస్తున్నదనుకున్నాను. దగ్గు దాచిందని నువ్వు రాశావు చూడు, ఆమె దాచలేదు. నాకు చెప్పింది. చెప్పినా పని కాకపోతే తనకు చేతనైన అడ్డం ఆ కొంగు ఒక్కటే పెట్టింది. అది సరిపోలేదు.

పుష్యంలో పాప మెడ వాచింది. హైదరాబాదు దవాఖానలో డాక్టరు, "ఇంట్లో దగ్గేవాళ్లు ఎవరు?" అని మొదట అడిగిన మాట నువ్వూ విన్నావు. నువ్వు అక్కడికే వచ్చి, ఒక రోజు పాప దగ్గరుండి, మళ్లీ ట్రైనింగుకు పోయావు. ఇంటికి రాలేదు. వచ్చుంటే ఫ్రిజ్ మీద కాగితం లేదని చూసేదానివి. నువ్వు రానందుకు అప్పుడు నాకు లోపల ఊపిరి ఆడింది. అది కూడా రాస్తున్నాను.

సారమ్మకు పరీక్ష చేయించాక నిరంజన్ ఆమెను ముందుగదిలో నిలబెట్టి అడిగాడు. నేను పాపను ఒళ్లో పెట్టుకుని అక్కడే కూర్చున్నాను.

"దగ్గు ఎన్ని దినాల సంది ఉంది సారమ్మా?"

"దసరా కాడ్నుంచి, సారు."

"మరి ఎందుకు చెప్పలే? రోగమొస్తె ఇంట్ల ఉండమని, జీతం గూడ కోత లేదని యమున రాసి పెట్టె గద. ఇంకేం చెయ్యాలె మేము?"

ఆమె ఒక్కసారి నా వైపు చూసింది. ఆ మాట ఆమె వినడం అదే మొదలు. అది ఆమె కళ్లలో కనబడింది. నేను పాప మూతి తుడవడం మొదలుపెట్టాను. పాప మూతికి ఏమీ లేదు.

"తప్పు నాదే సారు," అన్నది సారమ్మ.

తాళంచెవి స్టూలు మీద పెట్టి పోయింది. తర్వాత ధనలక్ష్మి వీధి అంతా చెప్పింది, రోగం దాచి పసిపిల్లకు అంటించిందని. ఆ వీధిలో ఇంకో రెండిళ్లలో ఆమె బట్టలు ఉతికేది, వాళ్లూ మానిపించారు. నేను ఎవరి ముందూ నోరు తెరవలేదు. నెమ్మది మనిషినని అందరూ నన్ను మెచ్చుకుంటారు కదా. ఆ నెమ్మదిలోనే ఉండిపోయాను. ప్రభుదాసు గారు వచ్చినప్పుడు కూడా, "పిల్లలతోటి మాట్లాడి చెప్తనయ్యా," అని మజ్జిగ ఇచ్చి పంపాను.

నీ ఉత్తరం చదివిన గురువారం పూజగదిలోకి వెళ్లి కుంకుమ బరిణె ఎత్తాను. కాగితం అంచు నూనెకు తడిసి ఉంది. నీ అక్షరాలు చెడలేదు. ఆ రోజు దీపం పెట్టలేకపోయాను.

శుక్రవారం సారమ్మ కోసం వడ్డేపల్లి దిక్కు వెళ్లాను. అలంపురం జోగులాంబ తల్లి దర్శనానికని నిరంజన్‌కు చెప్పాను. అమ్మవారి పేరు మీద అబద్ధమాడడం నా బతుకులో అదే మొదటిసారి. పాప కోసం నిరంజన్ ఆ రోజు ఆఫీసుకు సెలవు పెట్టాడు. అతని జీతంలో ఏ కోతా పడదు. బస్సులో కూర్చున్నాక ఆ ఆలోచన వచ్చింది.

గద్వాలలో బస్సు మారి, దిగి, కిలోమీటరు నడిచాను. సారమ్మ తన అక్క శాంతమ్మ ఇంట్లో ఉంటున్నది. ఇంటి పక్కనే మిరప కల్లం. ఎర్రగా నేలంతా పరిచి ఉంది. దూరం నుంచే గొంతు మంట పుట్టింది. ఆడవాళ్లు వరుసగా కూర్చుని మిరపకాయల తొడిమెలు తీస్తున్నారు. ఆ వరుస చివర సారమ్మ, మూతికి కొంగు కట్టుకుని ఉంది. సగమైంది మనిషి. ఊపిరితిత్తి ఒకటి చాలావరకు పాడైందట. మందులు వేసుకుంటున్నది, కానీ ఊర్లో దొరికే పని అదొక్కటే. ఘాటు లోపలికి పోయినప్పుడల్లా వంగిపోయి దగ్గుతున్నది.

ముందుగా శాంతమ్మ చూసింది నన్ను.

"చెల్లె, లే. మీ దొరసాని వచ్చింది. ఎంత దూరంల నిలవడ్డదో సూడు. మూతికి గుడ్డ తెచ్చుకోకపోతివా అమ్మా? మా తాన రోగముంటది."

నేను జవాబు చెప్పబోతే మిరప ఘాటుకు దగ్గు వచ్చింది. ఆగలేదు.

"అయ్యో, నీకు గూడ దగ్గొచ్చెనా? ఇంటికి పోయి పండుకో. నాగా పడితె ఆదివారం తీర్చుకుందువు," అన్నది శాంతమ్మ. వరుసలో ఆడవాళ్లు ఇద్దరు నవ్వారు.

"అక్కా, ఊకో," అని సారమ్మ లేచి నన్ను ఇంటి వెనుక నీడకు తీసుకుపోయింది. మంచం వాల్చి నన్ను కూర్చోబెట్టి, తను దూరంగా నేల మీద కూర్చుంది. మొదటి మాట, "పాప ఎట్లున్నది?" అన్నది. గడ్డ తగ్గిందని, బరువు పెరిగిందని చెప్పాను. "తింటున్నదా?" అన్నది. ఎర్ర ఆటో వస్తే నోరు తెరుస్తున్నదని చెప్పాను.

నేను కాగితం తీసి ఇచ్చాను. క్షమించమని అడగాలని దారంతా అనుకున్నాను, ఆ మాట నోట్లోంచి రాలేదు. "ఇది నీది సారమ్మా. నువ్వు చేరిన దినమే నీకు చదవమని యమున చెప్పింది," అని మాత్రం అన్నాను.

ఆమె చేతులకు మిరప కారం ఉందని చీరకు బాగా తుడుచుకుని తీసుకుంది. పైకే చదివింది, ఊపిరి అందక ఆగి ఆగి. "జ్వరం, దగ్గు, విరేచనాలు, ఏ జబ్బు ఉన్నా సారమ్మ పనికి రావద్దు. ఫోన్ చేసి చెబితే చాలు. ఏడాదికి పన్నెండు రోజులు. జీతం కోత లేదు. ఆ రోజులు మళ్లీ పని చేసి తీర్చనక్కర లేదు." చివరి వాక్యం రెండుసార్లు చదివింది. నువ్వు ఆ వాక్యం ఎందుకు రాశావో నాకు తెలియదు. మా ఇళ్ల సంగతి నువ్వు ఎక్కడో విని ఉంటావు.

"ఆ దినం సారు అన్నప్పుడే సమజైంది నాకు," అన్నది. "ఎన్ని దినాలో తెల్వదు. పన్నెండా అమ్మా?"

"అవును."

"నాకు రెండు దినాలు చాలుండె."

ఆ మాటలో కోపం లేదు. కోపం ఉంటే నేను ఇంతగా పడిపోయేదాన్ని కాదు.

"సారు ముందర ఎందుకు చెప్పలేదు సారమ్మా?" అని అడిగాను.

"పాపకు జ్వరం కాల్తుండె. మీరు మీరు ఇంట్ల కొట్లాడుకుంటె పాపను ఎవరు చూస్తరు? నేను ఎట్లయిన పోయేదాన్నే గద."

హాస్టల్ పని గురించి ఎత్తాను. తల అడ్డంగా ఊపింది. "ప్రభుదాసయ్య చెప్పిండు. నేను పోనమ్మా. పిల్లలను ముట్టాలంటె చేతులొస్తలేవు. నా ఊపిరే కదా పాపకు తాకింది. నువ్వొచ్చి తప్పు నీదన్నా, ఊపిరి నాదే." ఎంత చెప్పినా వినలేదు. డాక్టరు రాసిచ్చిన చీటీ కూడా ఆమె దగ్గరే ఉంది, బైబిలులో పెట్టుకుంది. అయినా వినదు. వెళ్తుంటే కాగితం నా చేతిలో పెట్టింది. నువ్వే ఉంచుకో అన్నాను.

"నాకెందుకమ్మా ఇప్పుడు. రేపు ఇంకొకామె వస్తది గద. ఆమెకు చూపియ్యి."

నేను కల్లం దాటేసరికి ఆమె మళ్లీ వరుసలో కూర్చుంది.

యమునా, నీ పాప ఒంట్లోకి ఆ జబ్బు రావడానికి కారణం సారమ్మ కాదు, నేను. ఆ శనివారం ఆమెను దవాఖానకు పోనిచ్చి ఉంటే, పాపకు అంటేదో లేదో డాక్టర్లు చెప్పలేరు. కానీ ఆమె ఊపిరితిత్తి ఇంతగా చెడేది కాదు, ఈ మాట డాక్టరే అన్నాడు. స్వామి ముందు చాలాసార్లు లెంపలు వేసుకున్నాను. అది నాకు చాలా తేలికైన పని అని ఇప్పుడు తెలుస్తున్నది. నీకు రాయడమే కష్టమైంది.

నిన్ను ఒకటే అడుగుతున్నాను, నన్ను క్షమించమని కాదు. ప్రభుదాసు గారికి మంచిమాట రాసివ్వు. దాంతోపాటు సారమ్మకు విడిగా ఒక ఉత్తరం రాయి. నా మాట ఆమెకు ఎక్కదు, ఎక్కకూడదు కూడా. ఆ బిడ్డ తల్లివి నువ్వు. నీ చేతిరాత ఆమె గుర్తుపడుతుంది. పాపను మళ్లీ నీ చేతుల్లో పెట్టడానికి నాకు భయం లేదు అని నువ్వు రాయగలిగితే, ఆమె ఆ కల్లంలోంచి లేస్తుందేమో. రాయలేకపోతే అబద్ధం రాయకు. అది నీ మనసును బట్టి. ఉగాదికి ఇంక పదిహేను రోజులే ఉన్నాయి.

ఈ కవరు అంటించకుండా నిరంజన్ చేతికి ఇస్తాను. చదివి, తనే పోస్టు చేయమని చెబుతాను. అలంపురం వెళ్లలేదని కూడా అతనికి ఇందులోనే తెలుస్తుంది. నన్ను ఊరికి పంపాలని మీరిద్దరూ అనుకుంటే పాపకు యాదమ్మ అలవాటయ్యాక పోతాను. ధనలక్ష్మికి నిన్న సాయంత్రమే చెప్పేశాను. "ఎందుకక్కా ఇప్పుడు ఇవన్నీ బయట పెట్టుకునుడు," అన్నది. పెరుగు తీసుకోకుండా పోయింది.

ఇక యాదమ్మ సంగతి. నలభై ఏళ్లుంటాయి. నెమ్మదస్తురాలు కాదు, గట్టిగా మాట్లాడుతుంది, పాప అప్పుడే భయపడి అప్పుడే నవ్వుతున్నది. చదువు రాదు. నిన్న పొద్దున ఆమె సంచి కింద పెట్టకముందే వాకిట్లో నిలబెట్టి నీ కాగితం చదివాను. సారమ్మ పేరు ఉన్నచోట ఆమె పేరు చదివాను. ఆమెకు నమ్మకం కుదరలేదు. "ఇంకోపారి సదువమ్మా," అన్నది. మళ్లీ చదివాను. ఫ్రిజ్ మీద, పాప టీకాల కార్డు పక్కన, నువ్వు పెట్టిన చోటనే అతికించాను. ఆమె కాగితానికున్న నూనె మరకను, పాత మడతలను వేలితో తడిమి చూసింది.

"గిది పాత కాగితమే గదమ్మా. నాకంటె ముందున్నామెకు గూడ సదివినవా?" అన్నది.

"లేదు," అన్నాను.

ఆరోగ్యం జాగ్రత్త. నీ జవాబు ఏదైనా సరే, ఎదురుచూస్తుంటాను.

ఇట్లు,
నీ అత్తమ్మ,
నాగేంద్రమ్మ.